గండికీ ఖజానాకూ మధ్య

చెరువు కట్ట ఒక్కసారిగా తెగదు. ముందు వెనక వాలు చెమరుస్తుంది. ఎండ్రకాయ తొలిచిన బొక్కలోంచో, ఎలుక బొరియలోంచో సన్నటి ధార మొదలవుతుంది. ఆ ధార తేటగా ఉన్నంతసేపు నీరటికాడు కట్ట మీదే తిరుగుతూ కనిపెట్టుకుని ఉంటాడు. నీళ్లకు మట్టి రంగు వచ్చిందంటే మాత్రం ఊళ్లోకి పరుగు తీస్తాడు. కట్ట కడుపులోని మన్ను కరిగిపోతోందని, బుంగ పడిందని దాని అర్థం. ఊరంతా లేచి గోనె సంచుల్లో ఇసుక నింపి, సరుగుడు బాదులు పాతి, కంపా గడ్డీ తెచ్చి కూరితే ఒక్కోసారి నిలుస్తుంది. నిలవకపోతే తెల్లారేసరికి పది గజాల గండి.

దేశం లెక్కలో ఆ గండి చాలా చిన్నది. పేపర్లో జిల్లా పేజీలో ఓ మూల నాలుగు వాక్యాల వార్త. ఊరి లెక్కలో అది ఏడాది తిండి. దక్షిణ కోస్తాలో, సీమలో చాలా చెరువులు నిండేది అక్టోబరు, నవంబరు వానలకే. ఒక తుఫాను వెనక ఇంకోటి వచ్చేలోగా గండి పూడిస్తే రెండో వాన చెరువులో నిలుస్తుంది. పూడ్చకపోతే ఆ నీళ్లూ వాగు పాలే. అందుకే చిన్న మరమ్మతుకు సర్కారు సొమ్ము ఎంత వస్తుందన్నదాని కంటే ఎప్పుడు వస్తుందన్నదే ఆయకట్టు రైతును తొలిచే ప్రశ్న. తెలుగు నేల మీద ఈ ప్రశ్న వయసు ఆరు వందల ఏళ్ల పైమాటే.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఒకటుంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించినది. చెరువు తవ్వడానికి రోజూ వెయ్యిమంది కూలీలు, రాతి పనికి వంద బండ్లు, మొత్తం రెండేళ్లు పట్టిందని అందులో చెప్పుకున్నారు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలూ, ఉండకూడని ఆరు దోషాలూ ఏకరువు పెట్టారు. దోషాల్లో మొదటిది కట్ట నుంచి నీరు ఊరడం. ఇంకో దోషం చదివితే ఇవాళ్టి ఇంజనీరు కూడా ఒక క్షణం ఆగుతాడు: రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. గండి పడితే ఖర్చు ఎవరిదో తేలని చోట చెరువు కట్టవద్దన్నది అనుభవం నేర్పిన మాటే అయి ఉండాలి.

ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోవడానికి ఆ కాలం వాళ్లు పెట్టుకున్న ఏర్పాటు దశబంధం. శాసనాల్లో దశవంద అని కనిపిస్తుంది. చెరువు కట్టించినవాడికో, తెగిపోయిన చెరువును బాగుచేయించినవాడికో దాని కింద పండే నేలలో కొంత భాగం మాన్యంగా ఇచ్చేవారు. పదో వంతు అన్న లెక్క పేరులోనే ఉంది. కొన్నిచోట్ల ఫలానా పొలమని హద్దులు వేసి ఇచ్చేవారు, దాన్ని ఖండం దశబంధం అన్నారు. ఇంకొన్నిచోట్ల ఆయకట్టు మొత్తం శిస్తులో వాటా ఇచ్చేవారు, అది షామిలాత్ దశబంధం. రెండింటికీ షరతు ఒక్కటే: కట్ట బాగోగులు మాన్యం తినేవాడివే. కడప, అనంతపురం, చిత్తూరు ప్రాంతాల్లో ఈ మాన్యాలు వందల ఏళ్లు నడిచాయి. తరవాత వచ్చిన తెల్లదొరల ఇనాం కమిషన్ కూడా వీటిని చెరువు పనితో ముడిపడ్డ ఇనాంలుగానే గుర్తించింది.

ఈ ఏర్పాటు బలమంతా ఒక్కచోటే ఉంది. మరమ్మతు సొమ్ము కట్ట కిందే పండేది. ఎవరికీ అర్జీ పెట్టుకోనక్కర్లేదు, ఎక్కడి నుంచీ మంజూరు రానక్కర్లేదు. మాన్యందారు బద్ధకిస్తే అతని పొలమే ముందు ఎండేది.

దీన్ని తలుచుకుని మురిసిపోవడం మాత్రం తగదు. మాన్యం ఒకరిది, మట్టి తట్ట ఇంకొకరి నెత్తిన. అర్ధరాత్రి నడుముల్లోతు నీళ్లలో దిగి బాదులు పాతినవాళ్లలో ఆ చెరువు కింద సెంటు భూమి లేని మాల, మాదిగ కుటుంబాల వాళ్లు ఎంతమందో ఏ శాసనమూ చెప్పదు. పాత పద్ధతి చురుకులో వెట్టి భాగం చాలా ఉంది.

ఆ వెట్టిని చట్టంగా రాసింది కంపెనీ సర్కారు. 1858 మొదటి చట్టం, మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం, రెండు పనులు చేసింది. వరద ముంచుకొచ్చి కట్టలు తెగే ప్రమాదం ఉన్నప్పుడు చుట్టుపక్కల కూలి జనాన్ని పనికి రమ్మని ఆజ్ఞాపించే అధికారం, చెట్లూ వెదుళ్లూ గడ్డీ సంచులూ తీసుకునే అధికారం అధికారులకు ఇచ్చింది. కుడిమరామత్తు కింద ఆయకట్టు రైతులు ఆనవాయితీగా చేయాల్సిన పని ఎగ్గొడితే ఆ పని విలువకు రెండింతలు వసూలు చేయమంది. నిజానికి ఈ చట్టం అప్పటికే పడిపోతున్న ఒక కట్టుబాటుకు పెట్టిన పోటు. ఎందుకంటే శిస్తు మద్రాసుకు పోతోంది, మరమ్మతు నిర్ణయమూ మద్రాసుకే పోయింది. మన్రో దత్తమండలాలకు కలెక్టరుగా 1800లో వచ్చాక పాత పాలెగాళ్ల ఏలుబడి చెదిరిపోయింది. 1852లో మద్రాసు పబ్లిక్ వర్క్స్ కమిషన్ ఇచ్చిన నివేదిక నిండా మరమ్మతు లేని చెరువుల గోడే. పుండు ఒకచోట, మందు ఒకచోట అన్నట్టు తయారైంది పరిస్థితి.

దాని ఫలం 1876-78లో కనిపించింది. ధాత కరువు బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలను పీల్చి పిప్పి చేసింది. గంజి కేంద్రాలు, మట్టి పనుల శిబిరాలు పెట్టారు. మనిషికి రోజుకు ఎన్ని గింజలు చాలునని రిచర్డ్ టెంపుల్ వేసిన లెక్క ఈనాటికీ చరిత్రకారుల నోట తిట్లు తింటూనే ఉంది. ఏ పని పెట్టాలో, ఎక్కడ పెట్టాలో, ఎంత ఖర్చో ఎవరి దగ్గరా కాగితం సిద్ధంగా లేదు. ఆకలి ఊరి మీద పడ్డాక అంచనాలు వేయడం మొదలైంది. ఆ ఆలస్యంలో పోయిన ప్రాణాలకు లెక్క కట్టడం ఎవరి తరమూ కాదు.

అంత చావు చూశాక సర్కారు కదిలింది. రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన కరువు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. 1883లో మద్రాసు కరువు నియమావళి వచ్చింది. ఇందులోని ఒక్క సూత్రం చాలు చెప్పుకోవడానికి: కరువు రాకముందే ప్రతి జిల్లాలో పెట్టదగిన పనుల జాబితా, వాటి ప్లానులు, అంచనాలు బీరువాలో సిద్ధంగా ఉండాలి. వాన మొహం చాటేసిన రోజున కలెక్టరు ఆ కాగితాల కట్ట విప్పి పని మొదలుపెట్టాలి. అదే 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం మొదలైంది. సర్వే బృందాలు ఊరూరా తిరిగి ప్రతి చెరువుకూ మెమోయిర్ రాశాయి. కట్ట పొడవెంత, పైమట్టం ఎంత, అలుగు ఎంత వెడల్పు, తూము ఏ ఎత్తులో ఉంది, ఆయకట్టు ఎంత అన్నీ అందులో ఉంటాయి. గండి పడినప్పుడు కట్టను తిరిగి ఏ ఎత్తుకు లేపాలో తేల్చడానికి ఆ కాగితం ఉంటే ఒక పూట పని. లేకపోతే లెవెలింగ్ పరికరం మోసుకొచ్చి మొదటి నుంచీ కొలవాలి.

మళ్లీ అదే ఏడాది భూమి అభివృద్ధి అప్పుల చట్టం, మరుసటి ఏడు 1884లో వ్యవసాయదారుల అప్పుల చట్టం వచ్చాయి. మన పల్లెల్లో తకావీ అంటే ఇవే. బావి పూడిపోతే పూడిక తీసుకోవడానికి, ఎద్దు చస్తే ఎద్దు కొనుక్కోవడానికి, విత్తనానికి తాలూకా కచేరీ నుంచే అప్పు దొరికేది. షావుకారు వడ్డీ కంటే తక్కువ వడ్డీ. భూమి హామీ చూపలేని కౌలుదారుకు అది అందడం కష్టం. తీర్చలేనివాడి మీదికి జప్తు వచ్చేది. అయినా తహశీల్దారు చేతిలో కాస్త డబ్బు, కాస్త అధికారం ఉండటం వల్ల రైతు మద్రాసు దాకా చూడాల్సిన అవసరం తప్పింది.

బ్రిటిష్ కాలపు ఖజానా నిబంధనల వారసత్వంగా ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో నిలిచి ఉన్న ఒక చిన్న నిబంధన గురించి ఇక్కడ కాస్త నిలబడి చెప్పుకోవాలి. రెవెన్యూ వాళ్లు దాన్ని టి.ఆర్. 27 అంటారు. ట్రెజరీ రూలు ఇరవై ఏడు. అత్యవసరం అనిపిస్తే కలెక్టరు రాతపూర్వకంగా ఒక ఆర్డరు ఇచ్చి, మామూలు నిబంధనలేవీ పాటించకుండానే ట్రెజరీ అధికారి చేత డబ్బు చెల్లింపజేయవచ్చు. పెన్షన్లకు మాత్రం ఇది వర్తించదు. అయితే ఆ ఆర్డరు నకలు, ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందన్న వివరం వెంటనే ఆర్థిక శాఖకు పంపాలి. ట్రెజరీ అధికారి అకౌంటెంట్ జనరల్‌కు తెలియజేయాలి. ముందు డబ్బు, వెనక లెక్క. తుఫాను వచ్చిన ప్రతిసారీ పునరావాస కేంద్రాల్లో అన్నాలు వండించడానికి, పడవలు కట్టించుకోవడానికి, ఇసుక బస్తాలు కొనడానికి కోస్తా కలెక్టర్లు పట్టుకునేది ఈ పాత రూలునే. నమ్మకమూ జవాబుదారీ రెండూ నాలుగు వాక్యాల్లో ఇమిడిన నిబంధన అది. ఇంత పొదుపుగా రాసినవి సర్కారు పుస్తకాల్లో అరుదు.

స్వాతంత్ర్యం వచ్చాక డబ్బు పెరిగింది, దారి కూడా పెరిగింది. రెండో ఫైనాన్స్ కమిషన్ కాలం నుంచి రాష్ట్రాల ఖర్చు లెక్కల్లో విపత్తు సాయానికి కొంత మొత్తం కలిపి చూడటం మొదలైంది. దానికి మార్జిన్ మనీ అని పేరు. అది దాటితే కేంద్రాన్ని అడగాలి. అడగడం అంటే మెమొరాండం రాయాలి, కేంద్ర బృందం రావాలి, కలెక్టరు ఫొటోలు గోడకు కట్టి చూపించాలి, బృందం తిరిగి ఢిల్లీ వెళ్లి నివేదిక ఇవ్వాలి, పై కమిటీ ఖర్చుకు పరిమితి ఖరారు చేయాలి. బృందం వచ్చేసరికి చాలాసార్లు నీళ్లు తీసేవి, బురద ఎండేది. మిగిలిన గండి మాత్రం అలాగే ఉండేది.

ఆరో ఫైనాన్స్ కమిషన్‌కు అధ్యక్షుడు పల్నాటి నేల ఎరిగిన మనిషి, ఆంధ్రప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి. 1973లో ఇచ్చిన నివేదికలో ఆ కమిషన్, అప్పటికప్పుడు చేసే సాయం ఖర్చు నిలిచే ఆస్తిగా మారడం లేదని గుర్తించి, దాన్ని ప్రణాళిక పనులతో కలపమంది. ఆలోచన మంచిదే. ఆచరణలో మాత్రం పూడ్చాల్సిన గండి కూడా ప్రణాళిక ఫైళ్ల వరసలో చేరింది.

ఆ ఏర్పాటు నడుస్తుండగానే 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. సముద్రం ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టింది. చనిపోయినవాళ్లు సర్కారు లెక్కలోనే పదివేలకు దగ్గర. బతికినవాళ్లకు ముందుగా కావాల్సి వచ్చినవి పెద్ద ప్రాజెక్టులు కావు. ఉప్పు నీళ్లు నిండిన బావిని తోడించడం, మంచినీళ్ల చెరువు కడగడం, మురుగు కాలవలో అడ్డం పడ్డ దుంగలూ కళేబరాలూ తీయించడం, బడికి మళ్లీ కప్పు వేయించడం కావాలి. అవనిగడ్డ నుంచి మండలి వెంకట కృష్ణారావు లాంటి నాయకులు, దేశమంతటి నుంచి వచ్చిన సేవా సంఘాల వాళ్లు ఆ పనుల్లో చాలా భాగం నెత్తికెత్తుకున్నారు. చేతిలో డబ్బు, ఎదురుగా పని, మధ్యలో ఎవరూ లేరు. సంఘాల వేగం రహస్యం అంతే.

ఆ తరవాత ఏడో కమిషన్ వరదలు, తుఫానులకు కేంద్రం వాటాను కరువు నుంచి విడదీసి చూసింది. అసలు మలుపు మాత్రం ఎన్.కె.పి. సాల్వే అధ్యక్షుడిగా ఉన్న తొమ్మిదో కమిషన్‌ది. ప్రతిసారీ అడుక్కునే పద్ధతి తీసేసి, ప్రతి రాష్ట్రానికీ ముందుగానే ఒక నిధి ఏర్పాటు చేయమంది. దాని పేరు విపత్తు సహాయ నిధి. మూడు వంతులు కేంద్రానిది, ఒక వంతు రాష్ట్రానిది, దేశం మొత్తానికి ఏడాదికి 804 కోట్లు. 1990 ఏప్రిల్ 1 నుంచి అమలు. నలభై రోజులు గడవకముందే, మే 9న, మచిలీపట్నం దగ్గర పెను తుఫాను తీరం దాటింది. 967 మంది చనిపోయారు. ఆ ఒక్క తుఫాను నష్టమే దేశమంతటి ఏడాది నిధిని మించిపోయింది. కొత్త నిధికి అంత త్వరగా, అంత పెద్ద పరీక్ష ఎదురవుతుందని ఎవరూ అనుకోలేదు. పెద్ద పునర్నిర్మాణానికి ప్రపంచ బ్యాంకు అప్పు తేవాల్సి వచ్చింది. అయినా నిధి వల్ల ఒక మేలు జరిగింది. మొదటి రూపాయి కోసం ఢిల్లీ వైపు చూసే రోజులు పోయాయి.

2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. 2010 నుంచి పాత నిధి రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధిగా మారింది. ఈ చట్టంలో యాభయ్యో సెక్షను ఉంది. టి.ఆర్. 27కు తమ్ముడి లాంటిది. రక్షణ, సహాయ పనులకు సరుకులు వెంటనే కావాలని జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ భావిస్తే టెండర్లు పిలవాల్సిన నియమం మాఫీ అయినట్టే. బాధ్యత అప్పగించిన అధికారి ఇచ్చిన వినియోగ సర్టిఫికెట్టే లెక్కకు చెల్లే వోచరు. ఇక్కడ ఒక మాట పట్టి చూడాలి: రక్షణ, సహాయం. అన్నం పొట్లానికీ, పడవకూ వర్తించే ఈ వెసులుబాటు నీళ్లు తీశాక మొదలయ్యే మరమ్మతు పేరెత్తదు. గండి పూడ్చడం సహాయమా, పునర్నిర్మాణమా? నీళ్లు పోతుండగా పూడిస్తే సహాయం. వారం ఆగి పూడిస్తే మామూలు ఇరిగేషన్ పని.

మామూలు పని అయిన మరుక్షణం అది నడిచే దారి వేరు. అసిస్టెంట్ ఇంజనీరు టేపు పట్టుకుని గండి కొలుస్తాడు. అంచనా వేస్తాడు. అది పైకెళ్లి టెక్నికల్ శాంక్షన్ తెచ్చుకోవాలి, ఇంకో దారిలో పరిపాలనా మంజూరు రావాలి. ఆ తరవాత టెండరు, లేదా టెండరు లేకుండా నామినేషన్. పనయ్యాక కొలతల పుస్తకంలో, అంటే ఎం.బుక్‌లో, కొలతలు ఎక్కాలి. ఆ ఎం.బుక్ చూసినవాళ్లకు తెలుసు, అందులో ఒక్క అంకె దిద్దితే పక్కన పొట్టి సంతకం ఉండాలి. చెక్ మెజర్‌మెంట్ అయ్యాక బిల్లు. బిల్లుకు బడ్జెట్ విడుదల. ఒక్కో మెట్టుకూ న్యాయమైన కారణం ఉంది. వంద లారీల మట్టి పోసి రెండు వందలు రాసుకున్న కథలు ఏ జిల్లాలో అడిగినా వినిపిస్తాయి. కానీ ఇరవై కోట్ల బ్యారేజీ పనికీ, రెండు లక్షల గండికీ దాదాపు ఒకే మెట్లు పెట్టడం వల్ల చిన్నదే ఎక్కువ నష్టపోతోంది. బిల్లు ఎప్పుడొస్తుందో తెలియని చిన్న గుత్తేదారు వడ్డీ కూడా రేటులో కలుపుకుంటాడు, లేదా పనికే రాడు.

పైగా నిధి నుంచి ఇచ్చే మొత్తానికి హద్దులున్నాయి. 2015 నుంచి నడిచిన కేంద్ర నిబంధనల్లో దెబ్బతిన్న ఒక చిన్న నీటి వనరుకు లక్షన్నర వరకు, ఊరి రోడ్డుకు కిలోమీటరుకు 60 వేలు. జేసీబీ గంట కిరాయి తెలిసిన ఎవరికైనా ఆ సొమ్ముతో కట్ట నిలుస్తుందా, తాత్కాలికంగా అతుకు పడుతుందా అన్నది తెలిసిపోతుంది.

పద్నాలుగో కమిషన్‌కు రాజంపేట ప్రాంతంలో పుట్టిన వై.వి. రెడ్డి అధ్యక్షుడు. రాష్ట్రం తనకు ప్రత్యేకమైన విపత్తులకు నిధిలో పది శాతం దాకా వాడుకోవచ్చని ఆ కమిషన్ చెప్పడంతో ఆంధ్రప్రదేశ్‌లో పిడుగుపాటుకూ వడదెబ్బకూ సాయం దారి దొరికింది. అదే రాజంపేట దగ్గర, చెయ్యేరు మీద, 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయింది. దివిసీమ ఉప్పెన వచ్చిన తేదీనే. చెయ్యేటి ఒడ్డు ఊళ్లలో ఇళ్లు, మనుషులు, పశువులు కొట్టుకుపోయారు. పొలాల్లో ఇసుక మేటలు వేసింది. ఆ మేటలు తీయించుకోవడం కూడా చిన్న పనే. ఎకరా ఎకరాకూ ఒక్కో చిన్న పని.

ఎన్.కె. సింగ్ అధ్యక్షతన పదిహేనో కమిషన్ మొదటిసారి ఈ లోటును పేరు పెట్టి పిలిచింది. 2021-26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధులకు 1,60,153 కోట్లు సూచిస్తూ, అందులో 20 శాతం ముందు జాగ్రత్తకు, 40 శాతం సహాయానికి, 30 శాతం కోలుకోవడానికీ పునర్నిర్మాణానికీ, 10 శాతం సన్నద్ధతకూ విడదీసింది. మరమ్మతుకు సొంత గది దొరికింది. ఆ గది తాళం చెవి మండలం దాకా రావడమే ఇంకా మిగిలి ఉంది.

రావడం అసాధ్యం కాదని 2024 సెప్టెంబరు చూపించింది. బుడమేరు ఎడమ గట్టుకు మూడు గండ్లు పడి సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. సైన్యం కూడా దిగి, రాత్రీ పగలూ రాళ్లు పోసి, వారం తిరిగేసరికి మూడింటినీ మూసేశారు. కింది అంతస్తు మునిగిన ఇళ్లకు ప్రకటించిన 25 వేల చొప్పున సాయం అదే నెల 25న నేరుగా బ్యాంకు ఖాతాల్లో పడటం మొదలైంది. నష్టం నమోదు ఇంటింటికీ ఫోన్‌లోనే జరిగింది. ఇంటికి నెల లోపు చేరిన డబ్బు ఊరి చెరువు కట్టకు చేరకపోవడానికి సాంకేతిక కారణం ఏదీ లేదు. రాజధాని ప్రాంతంలో టీవీ కెమెరాల ముందు పడిన గండికి దొరికిన వేగం ఉదయగిరి, పులివెందుల, అచ్చంపేట పల్లెల్లో అర్ధరాత్రి పడిన గండికీ దొరకాలి.

కావాల్సిన పనిముట్లు చాలావరకు చేతిలోనే ఉన్నాయి. 1883 నాటి మెమోయిర్లు, ముందే అంచనాలు సిద్ధం చేసుకోవాలన్న కరువు నియమావళి బుద్ధి, ముందు చెల్లించి వెనక లెక్క చూపే టి.ఆర్. 27, టెండరు మాఫీ చేసే యాభయ్యో సెక్షను, మరమ్మతుకు విడదీసిన 30 శాతం. 1997 చట్టంతో ఉమ్మడి రాష్ట్రంలో పదివేలకు పైగా ఏర్పడి, 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ ఎన్నికలు జరుపుకున్న నీటి వినియోగదారుల సంఘాలూ ఉన్నాయి. ఒక పరిమితి లోపు గండి పనిని సంఘానికే అప్పగించి, అంచనా మీదే సగం డబ్బు ముందుగా ఇచ్చి, మిగతా సగం కొలతల తరవాత, ఫొటోలతో, గ్రామసభలో లెక్క చదివాక ఇవ్వవచ్చు. ఈసారి కట్ట మీద పనిచేసినవాళ్ల కూలి మాత్రం వాళ్ల ఖాతాలోనే పడాలి.

చెరువులు ఎండి నెర్రెలిచ్చే మే నెలలో కట్ట బలహీనతలు కంటికి కనిపిస్తాయి. ఈ వేసవిలో మీ ఊరి కట్ట మీద ఒకసారి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవండి. ఎండ్రకాయ బొక్కలు లెక్కపెట్టండి. తూము తలుపు తిరుగుతోందో లేదో చూడండి. మండల ఇరిగేషన్ ఆఫీసుకు వెళ్లి మీ చెరువు మెమోయిర్ ఉందా, గండి పడితే పూడ్చే అంచనా ఇప్పుడే వేసి ఉంచారా అని అడగండి. లేదంటే వేయించండి. చెరువులు నింపే తుఫాన్ల కాలం మొదలయ్యేది అక్టోబరులో.